పొద్దున కోసిన పాయలాకు

మొదటి రోజు

రిపోర్టు మీద 8.9 అన్న అంకె చూసిన నాటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మా పాపకు 19 ఏళ్లు. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సిన వయసు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "ఆకుకూరలు కూడా బాగా పెట్టండి" అని పంపింది. నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పుకుని బతికే మనిషిని. 22 ఏళ్లుగా బోర్డు మీద ఆకులు గీస్తున్నాను. మా ఇంటి గిన్నెలో చూస్తే వారానికి ఒకసారి పాలకూర, ఒకసారి తోటకూర, తక్కిన రోజులు క్యాబేజీ, ఉర్లగడ్డ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఆ లెక్కలో మా ఇల్లు కూడా ఉందని నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

శ్రావణంలో కలిసొచ్చిన సెలవులకు ఇంకో మూడు రోజులు పెట్టుకుని, పాపను వెంటేసుకుని అనంతపురం నుంచి బయల్దేరాను. చేలల్లో, అడవిలో తనంత తాను మొలిచే ఆకును తినేవాళ్ల దగ్గరికే పోయి చూడాలని. శుక్రవారం రాత్రికే కళ్యాణదుర్గం దాటి మా చిన్నమ్మ ఊరు చేరుకున్నాం.

చీకటితోనే లేపింది చిన్నమ్మ. "ఎండెక్కితే ఆకు వాడిపోతాది, లేయండి."

ఎర్రనేల. శెనక్కాయ చెట్టు జానెడు ఎదిగింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి కాలం అనుకునే సీమ మాది. వాన ఎగ్గొట్టినా, అదును తప్పి పడినా, నాలుగు చినుకులు తగిలితే చాలు, ఎవరూ విత్తకుండానే లేచేది ఈ ఆకే. సాళ్లలో ఆరుగురు ఆడోళ్లు వంగి కలుపు తీస్తున్నారు. కాసేపు నిలబడి చూస్తే గాని అర్థం కాలేదు, వాళ్ల చేతులు రెండు పనులు చేస్తున్నాయి. పెరికిన మొక్కల్లో కొన్ని గట్టు మీదికి పోతున్నాయి, కొన్ని ఒడిలోకి పోతున్నాయి. ఏది ఎక్కడికో ఎవరూ ఆగి చూసుకోవడం లేదు.

మా పాప ఒక అవ్వ పక్కన కూర్చుంది. "రెండూ పచ్చగానే ఉన్నాయి కదవ్వా, ఎట్ల తెలుస్తుంది?"

"మీయమ్మ మొగం నీకెట్ల తెలుస్తాది? అట్లే పాపా."

అవ్వ ఒడిలో ఆ పొద్దు అయిదు రకాలున్నాయి. గురుగాకు ఉంది, తెలంగాణలో బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు దీనిదే, పూత రాకముందు లేతగా కోస్తేనే కూర. చెంచలాకు ఉంది. దొగ్గలాకు ఉంది, తోటకూరకు చెల్లెలు. గలిజేరు కొసలు కొన్ని. అన్నిటికంటే ఎక్కువగా పాయలాకు, తెలంగాణ వాళ్లు గంగవాయిలి అనేది.

ఈ పాయలాకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేల మీద పరుచుకుని ఉంటుంది. కాడ ఎర్రగా, నున్నగా, వేలితో నొక్కితే నీళ్లున్నట్టు మెత్తగా ఉంటుంది. ఆకు మందం, చెంచా ఆకారం. పసుప్పచ్చటి చిన్న పువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. అవ్వ ఒక కొస తుంచి నా నోట్లో పెట్టింది. చింతచిగురంత కాకపోయినా చురుక్కుమనే పులుపు.

"పొద్దున కోస్తే పులుపు. సందకాడ కోస్తే చప్పన. నేను చింతపండు తక్కువేయాలంటే పొద్దున్నే కోస్తా."

నాకు ఒళ్లు జలదరించింది. నీళ్లు కరువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడును లోపలికి తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, తెల్లారినాక ఎండలో దాన్నే కరిగించుకుంటుంది. ఆ ఆమ్లమే పొద్దుటి పులుపు. ఈ పద్ధతిని నేను ఏటా బ్రహ్మజెముడు బొమ్మ గీసి చెప్తాను, పరీక్షలో ప్రశ్నగా ఇస్తాను. నాలుక మీద పెట్టుకుని చూడొచ్చని ఒక్క పిల్లకూ చెప్పలేదు. అవ్వకు ఆమ్లం పేరు తెలియదు గాని ఏ పూటకు ఎంత చింతపండు పట్టుతుందో తెలుసు.

పాప తనంత తానే ఒక తీగ పట్టుకొచ్చింది. చూపుకు పాయలాకులాగే నేలబారుగా ఉంది. అవ్వ తీసుకుని కాడ విరిచింది. తెల్లటి పాలు కారాయి. "పాలు కారితే పారెయ్. అది తినేది కాదు." నానబాలు జాతి మొక్క అది. పాయలాకు విరిస్తే నీరే వస్తుంది, పాలు రావు. కొత్తగా ఆకు కోసేవాళ్లు ఈ ఒక్కటి మనసులో పెట్టుకోవాలి. ఇంకోటి కూడా నేర్చుకున్నాం. పక్క చేలోకి పోబోతే చిన్నమ్మ ఆపింది. "ఆ చేన్లో మొన్న మందు కొట్టినారు. ఎవరి చేనో, ఎప్పుడు కొట్టినారో అడక్కుండా ఆకు ముట్టుకోవద్దు."

ఇంటికొచ్చి అయిదు ఆకులూ కలిపి, మట్టి పోయేదాకా నాలుగు నీళ్లలో కడిగింది చిన్నమ్మ. కుండలో కందిబేడలు సగం ఉడికినాక ఆకు, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, ఇంత చింతపండు. ఉడికిన నీళ్లు వంచి పారబోయలేదు, పప్పుగుత్తితో అందులోనే ఎనిపింది. పైన గానుగ నూనెతో తెల్లగడ్డల తిరగవాత. పక్కన రాగిసంగటి ముద్ద, గిన్నెడు పెరుగు.

"ఒక్క పాయలాకే వండొచ్చు కదా?" అని అడిగాను.

"ఒక్క ఆకు వండితే అది మందు. కలిపి వండితేనే కూర."

ఈ మాటను ఆ రాత్రి చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాను. పాయలాకులో మంచి చాలా ఉంది. 1992లో అమెరికాలో అచ్చయిన కొలతల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఒమేగా-3 కొవ్వు ఉంది, ఆకుకూరల్లో అది అరుదు. విటమిన్ సి 26 మిల్లీగ్రాములు దాటింది. అయితే ఆక్సలేట్లనే లవణాలు కూడా మెండు. అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, మూత్రంలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లకు మంచివి కావు. నాలుగు ఆకులు కలిపినప్పుడు ఏ ఒక్క దాని చెడుగూ ఒంటికి ఎక్కువగా చేరదు. పెరుగుతో కలిపి తింటే పెరుగులోని కాల్షియం ఆక్సలేటును పేగులోనే పట్టి బయటికి పంపేస్తుంది. చింతపండు పులుపు, ఆకులో మిగిలిన విటమిన్ సి కలిసి ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడతాయి. ఒంట్లో విటమిన్ ఏగా మారే కెరోటిన్ పట్టాలంటే కొవ్వు ఉండాలి, అందుకు తిరగవాత. ఆ కుండలో వంటమనిషి చెయ్యి పడని చోటు ఒక్కటీ కనబడలేదు నాకు.

సాయంత్రం పాప ఒక్కతే చేని దాకా పోయి పాయలాకు కొస నమిలి వచ్చింది. "నిజమే మా, చప్పగా ఉంది."

రెండో రోజు

తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకు. సగం రోజు బస్సులోనే పోయింది.

తాడిపత్రికి ముందు చీనీ (బత్తాయి) తోటలు. ఒక తోట దగ్గర బస్సు టైరు మార్చుకుంటుంటే దిగి చూశాం. చెట్ల కింద నేల తుడిచినట్టుంది. ఎండి గోధుమరంగు తిరిగిన గడ్డి, మధ్యలో కాలిపోయిన గురుగు మొక్కలు. రైతు నీడన కూర్చుని ఉన్నాడు. నేను అడక్కముందే చెప్పాడు, "కూలోళ్లు దొరకరమ్మా. దొరికినా ఎకరాకు అయ్యే కూలితో నాలుగుసార్లు మందు కొట్టొచ్చు." ఆయన్ని తప్పు పట్టే మనసు రాలేదు. అయితే నిన్నటి అవ్వ ఒడి కళ్లముందు ఆడింది. కలుపుమందు కూలి ఖర్చును తగ్గించింది సరే, కూలికి వచ్చిన ఆడమనిషి సాయంత్రం ఇంటికి మోసుకుపోయే కూరను కూడా తీసేసింది. ఆ కూర నష్టం ఏ ఖాతా పుస్తకంలోనూ ఎక్కదు.

అన్నం తినగానే పాపకు టీ కావాలి. టీలోని వగరు ఇనుమును పట్టి ఉంచుతుంది, కనీసం గంట ఆగు అన్నాను. ముద్దనూరు వచ్చేదాకా ఆగింది, పాపం.

మూడో రోజు

కడపలో పొద్దున్నే కారందోశ తిని సిద్ధవటం బస్సెక్కాం. పెన్న దాటితే ఎదురుగా లంకమల కొండలు. అభయారణ్యం లోపలికి పోలేదు, కొండ కింది ఊర్ల పొదల దాకానే పోయాం.

రోడ్డు పక్కన తట్టల్లో ఆగాకరకాయలు అమ్ముతున్నారు. కిలో 200 చెప్పిందామె. ముళ్లముళ్లగా, కోడిగుడ్డుకంటే చిన్నగా ఉంటాయి, కాకరలాంటి చేదు ఉండదు. వీటిలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. "ఆడ తీగలన్నీ కోసుకుంటా మగదాన్ని నరికేస్తే మళ్లీ ఏడు కాయుండదు" అంది ఆమె. నేల కింద గడ్డ ఉంటుంది, ఎండాకాలమంతా నిద్రపోయి తొలివానకు తీగ సాగుతుంది. అరకిలో కొని ఆమె ఇంట్లోనే వేయించి పెట్టించుకుని తిన్నాం. డబ్బులు వద్దంది, పాపే బలవంతంగా ఆమె చేతిలో పెట్టి వచ్చింది.

వాళ్లాయన మాకు పొదలు చూపిస్తానని వచ్చాడు. ముందుగా చూపించింది కలివిచెట్టు. ముళ్లపొద, ఆకు తుంచితే పాలు వస్తాయి. (ఇక్కడ అవ్వ సూత్రం పనిచేయదని పాప వెంటనే పట్టేసింది. పాలు కారినా పండు తింటారు. అందుకే ఒక్క గుర్తుతో ఏ మొక్కనూ తేల్చకూడదు, తెలిసిన మనిషి పక్కన ఉండాలి.) కలివికాయలు పచ్చివి పప్పులోకి, పచ్చడికి. నల్లగా మాగితే పశువుల కాపరుల తిండి. ఈ పొదల పేరు మీదనే కలివికోడి అనే పిట్టకు ఆ పేరు వచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందని అందరూ అనుకున్న పిట్ట 1986లో ఈ సిద్ధవటం పక్కనే రెడ్డిపల్లె దగ్గర దొరికింది. రాత్రిపూట బ్యాటరీ వెలుతుర్లో పట్టి చూపించింది ఇక్కడి మనిషే. దానికోసమే 1988లో లంకమల అభయారణ్యం అయింది. పిట్టకు నీడ, మనిషికి కాయ ఇచ్చిన పొదలు అవే. కట్టెలకని, చదునుకని నరికితే రెండూ పోతాయి.

నాలుగడుగులు వేశాక ఇంకో పొద దగ్గర ఆగి, "బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు కదమ్మా, ఆ బలుసు ఇదే" అన్నాడు.

ఆ సామెత నా నోట్లో లెక్కలేనన్నిసార్లు ఆడింది. మొక్కను చూడడం మొదటిసారి. శాస్త్రీయ నామం కాంథియం అని పుస్తకంలో చదివాను, అంతే. ఎదురెదురుగా నిటారు ముళ్లు, వాటి మొదట్లో చిన్న చిన్న ఆకుల గుత్తులు, పసుప్పచ్చగా మాగే కాయ. పాప ఫొటో తీసుకుంటుంటే ఆయన చెప్పాడు. వాళ్ల నాయన చిన్నప్పుడు, 1952 కరువులో, గంజి కేంద్రం దగ్గర వరుసలో నిలబడి గంజి తెచ్చుకునేవాళ్లంట. గంజిలోకి నంజుకోను ఈ ఆకే వండేవాళ్లంట. అంతకుముందు 1876లో ధాత కరువు నాటి మాటలు కూడా ఇంట్లో వాళ్ల జేజి చెప్పేదంట. "అందుకే మా నాయన బలుసాకు చూస్తే మొగం తిప్పుకునేవాడు. మేము ఇంట్లో వండినా బయట చెప్పుకునేవాళ్లం కాదు."

నాకు అక్కడే గొంతు పట్టుకుంది. రుచి మరిచిపోయి కాదు జనం ఈ ఆకుల్ని వదిలింది. ఈ ఆకు తింటున్నామంటే ఇంట్లో గింజలు లేవని ఊరికి తెలిసిపోతుంది. కరువులో ప్రాణం నిలబెట్టిన ఆకుకు ఆ కరువు పేరే మచ్చగా మిగిలింది. మా అమ్మ కూడా అనంతపురం వచ్చినాక గురుగాకు వండడం మానేసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. అడగడానికి ఆమె లేదు.

నాలుగో రోజు

కడప నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఆత్మకూరు. దారంతా నేను వెంట తెచ్చుకున్న పాత పట్టికల పుస్తకం తిరగేశాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1971లో వేసింది, మా గురువుగారి గుర్తు.

పాపకు పై నుంచి చదివి వినిపించాను. 100 గ్రాముల క్యాబేజీలో కాల్షియం 39 మిల్లీగ్రాములు. ఆవుపాలలో 120. మునగాకులో 440. చెరువు గట్టున ఊరికే మొలిచే పొన్నగంటాకులో 510, పైగా 5 గ్రాముల మాంసకృత్తులు. అవిసె ఆకులో 1130. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాప అక్కడే లెక్క కట్టి, "రెండు వందల గ్రాముల పొన్నగంటితో అయిపోతుందా మరి?" అంది. అయిపోదు. ఆకులో ఉన్నదంతా ఒంటికి చేరదు, ఆక్సలేటు ఎంతో కొంత పట్టేస్తుంది. ఇనుము సంగతి ఇంకా కష్టం. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరమని 2020 సిఫారసు. ఆకులోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలిగ్గా పట్టదు. ఆకుకు అంటుకున్న మట్టి కూడా కొలతలో ఇనుము అంకెను పెంచేస్తుంది కాబట్టి పట్టికల్లో పెద్ద అంకె కనబడగానే సంబరపడకూడదు.

ఇది పాపకు గట్టిగానే చెప్పాను. 8.9 మీద ఉన్న మనిషికి మాత్ర మాత్రే. ఆకుకూర తింటున్నాం కదా అని మాత్ర ఆపకూడదు. మాత్రలు ఇచ్చినంత ఇచ్చి ఆగిపోయినాక, మళ్లీ కిందికి జారకుండా పట్టుకునే తిండి కోసమే మా ఈ తిరుగుడు.

ఆత్మకూరులో రాత్రి వాన.

ఐదో రోజు

ఆత్మకూరు నుంచి దోర్నాల రోడ్డు మీద బైర్లూటి. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి ఇష్టమొచ్చినట్టు అడవిలోకి పోవడానికి లేదు. చెంచు గూడెంలోనే, ఇళ్ల వెనక దాకా పోయి వచ్చాం.

నల్లమల చెంచుల తిండిలో ఆకు కంటే గడ్డకు పెద్దపీట. గూడెంలో ఒక తాత మాకు రాత్రి తెచ్చిన గడ్డ చూపించాడు. చేతి మందాన, మట్టి రంగులో పొడుగ్గా, పైన వెంట్రుకల్లా వేర్లు. ఇనుప మొన తొడిగిన కర్రతో తవ్వుతారు. నిప్పుల్లో కాల్చి తోలు వలిచి ఇచ్చాడు. తెల్లటి పిండి, ఉడికిన చిలగడదుంప కంటే పొడిగా, తీపి తక్కువ. ముఖ్యంగా పిండిపదార్థమే, ఆకలికి అన్నం బదులు నిలబడేది. "అన్ని గడ్డలూ ఇట్ల తినరాదు బిడ్డా. చేదుగడ్డ ఉంటది. దాన్ని బిళ్లలు కోసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో రాత్రంతా పెట్టాల. లేకుంటే నోరు పొక్కి, తల తిరిగి పడిపోతావు." విషాన్ని నీళ్లతో కడిగి తిండి చేసుకునే ఆ పద్ధతిని ఎన్ని తరాలు, ఎన్ని ప్రాణాలు పెట్టి నేర్చుకుని ఉంటాయో!

గడ్డ తవ్వేటప్పుడు తీగ మొదలున్న తలభాగాన్ని గుంటలోనే పెట్టి మట్టి కప్పి వస్తానన్నాడు. వచ్చే ఏటికి మళ్లీ ఊరుతుందట.

తాత ఇల్లాలు చింతపండులో బూడిద కలిపి తినిపించింది. చెంచులు అన్నం దొరకని రోజుల్లో తినేదిది. పుల్లటి చింతపండు గుజ్జులో చెట్టు కాల్చిన బూడిద కొద్దిగా కలపగానే నోట్లో పులుపు సగం తగ్గింది. ఆమ్లాన్ని క్షారం అణిచింది, ఇంకేముంది. పాప కాస్త సందేహంగా నాలుకకు పెట్టుకుని, రెండోసారి తానే చెయ్యి చాపింది.

ఇంటి వెనకాల గుడిసె గోడకు ఆనుకుని కామంచి చెట్టు. నల్లటి పండ్లు కోసుకుని పిల్లలు తింటున్నారు. వాళ్లలో ఒక పిల్లకు అయిదేళ్లుంటాయి, పచ్చికాయ వైపు చెయ్యి పోయిన తమ్ముడి వేలు మీద ఒక్కటిచ్చింది. పచ్చి కామంచి కాయలో విషం ఉంటుంది. ఆ పిల్లకు ఏ పాఠంలోనూ అది చెప్పలేదు.

గూడెంలో దుకాణంలో మాత్రం రంగు రంగుల ప్యాకెట్లు వేలాడుతున్నాయి. రేషన్ బియ్యం వస్తున్నాయి, అది మంచిదే, ఆకలి తీరుతోంది. అడవికి పోయే పిల్లలు తగ్గారని తాత అన్నాడు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చి చిన్న అటవీ ఫలసాయం ఏరుకునే హక్కు కాగితం మీద ఇచ్చింది. ఏది ఏరుకోవాలో తెలిసిన కళ్లు తాతతో ఆగిపోతే ఆ హక్కు ఎవరికి?

ఆరో రోజు

కర్నూలు, డోన్, గుత్తి మీదుగా అనంతపురం. మా వీధిలో దిగగానే పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటి ఎదురు ఖాళీ స్థలంలో, మురికి కాలువ పక్కన, చాప పరిచినట్టు పాయలాకు. ఏడేళ్లుగా ఆ స్థలం పక్కనుంచి నడుస్తున్నాను. కాలువ నీళ్లు తాగి పెరిగిన ఆకు సీసం లాంటి లోహాలను కూడా పట్టుకుంటుంది కాబట్టి కోయనివ్వలేదు. నాలుగు కొసలు మాత్రం తుంచి, కుండీలో మంచి మట్టిలో గుచ్చింది పాప. ముక్క గుచ్చితే బతికే మొక్క ఇది.

సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసింది. "కళ్యాణదుర్గం బస్సులో కండక్టరు చేతికి సంచి ఇచ్చినా, పోయి తీసుకోండి." బస్టాండుకు పోయి తెచ్చాం. తడిగుడ్డలో చుట్టిన కలగూరాకు, ఇంత దొగ్గలాకు, ఎక్కువ పాయలాకు. రాత్రి నేనే వండాను, నీళ్లు పారబోయకుండా. పప్పుగుత్తి అటకమీద నుంచి దించాల్సి వచ్చింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పాప కళ్లు చిట్లించింది.

"మా, చింతపండు ఎంతేశావ్? ఇది చిన్నమ్మమ్మ పొద్దున కోసిన ఆకు."